ఓబుళమ్మ అర్జీలో ఇద్దరు ఆయనలు

ఓబుళమ్మ అని ఒక కురుబామె ఉండేదంట, తెల్లదొరల కాలంలో. ఆమె మొగుడు లింగప్ప. నేను పేరెత్తితే దోషం లేదులే నాయనా, ఆమె ఎత్తితేనే మొగుని ఆయుస్సు తక్కువైతాదని మన ఆడోళ్ళ నమ్మకం. ఆ లింగప్ప సర్కారు అడివిలో గొర్లు మేపినాడని పట్టుకొనిపోయి కచేరీ కొట్లో ఏసినారంట. మేపింది లింగప్ప కాదు, వాళ్ళన్న బీరప్ప. అడివి గార్డును చూసి అన్న పరిగెత్తె, గొర్లను మళ్ళిద్దామని వచ్చిన తమ్ముడు దొరికిపాయె. అన్నమింద ఎట్ల చెప్పేదని నోరు మూసుకున్నాడు, మా నరసింహసామి గుళ్ళో రాతి గరుత్మంతుని మాదిరి. ఏమైందంటే, తీర్పు చెప్పే దొర ఆ పొద్దు మధ్యాన్నం దాకా కచేరీలో ఉండి గుర్రమెక్కిపోతే మళ్ళా రెండు నెలలకు గాని రాడు. అర్జీ ఇంగ్లీషులో ఉంటేనే చూస్తాడు. పది మైళ్ళు నడవల్ల, ఒంటి ఆడది ఎట్ల పోతాది? తోడు ఎవరు పోయినారనుకుంటిరి? ఆ బీరప్పే! ముందర బావ, పదడుగులెనక నెత్తిన కొంగేసుకొని ఈమె. నవ్వొద్దండి, నాకు కడుపు మండుతాంది.

కచేరీ అరుగుమింద నంజుండయ్య పంతులని అర్జీలు రాసేటాయన. "గొర్లు మేపిందెవరమ్మా?" అన్నాడంట. "ఆయన." "కొట్లో ఉండేది?" "ఆయన." "మరి ఆ గుంజకాడ నిలబడింది?" "ఆయన." "ఎంతమందమ్మా తల్లీ నీకు ఆయనలు!" "అట్లనొద్దు సామీ, పాపం తగులుతాది. ఒకరు మాయాయన, ఇంగొకరు ఆయన." పేర్లు చెప్పమంటే, పెనిమిటి పేరూ బావ పేరూ ఎత్తి నేను యాడికి పోవల్ల అంటాది. పోనీ బీరప్పనడిగితే, పేరనేసరికి ఆయనకు దగ్గొచ్చె. పంతులు నెత్తి కొట్టుకొని ఇద్దరికీ 'హీ' అనే రాసేసినాడంట. పంతులు పట్టింపంతా క్రియమిందనే అనుకో. తోలినాడా, తోలి ఉండినాడా, తోలుతా ఉండినాడా, ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో రూపమంట, తప్పితే దొర నవ్వుతాడంట. మూడు కాయితాలు చించి నాలుగోది రాసె. గొర్లను ఎప్పుడు తోలినాడో దివ్యంగా కుదిరింది. ఎవరు తోలినారో మాత్రం లేదు!

దొరకు తెలుగు కొంచెం వచ్చు. చదివి మొగం ఎర్రగా చేసుకున్నాడంట. "ఏమి పంతులూ, తప్పు చేసిందీ అతడే, చేయందీ అతడేనా? ఎవర్ని వదలాలి?" బయట గుర్రం కాలు దువ్వుతాంది. "పేరు చెప్పమ్మా, ఇప్పుడే వదుల్తాను. లేకుంటే రెండు నెలలు." పంతులు చేతులెత్తి మొక్కె. ఆమె తల అడ్డంగా ఊపె. సరే, కొట్లో ఉండేటోన్ని తెమ్మన్నాడు దొర. లింగప్ప గడప దాటినాడో లేదో, "నీ నోట్లో మన్ను పడ! దేవుడు నోరిచ్చింది గంజి తాగనీకేనా? చెప్పుకోలేవా?" అని ఓబుళమ్మ తిట్లెత్తుకొనిందంట. దొర నవ్వి, "ఇతడు నీ భర్త, తెలిసింది. గొర్లు తోలిందెవరు?" అన్నాడు. ఆమె తలుపుకాడికొచ్చి నిలబడిన బీరప్పకు వీపు తిప్పి, కొంగు మొగమ్మిందికి లాక్కొనె, బావకు చేసే మర్యాద అది. "నేను చెప్పను దొరా. వాళ్ళు మాకు తండ్రి మాదిరోళ్ళు."

అంతే నాయనా. బీరప్ప తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని ముందుకొచ్చినాడంట. "రాసుకో పంతులూ. కురుబ బీరప్ప. తోలింది నేను, పరిగెత్తింది నేను. పది మైళ్ళు నా ఎనకాలే నడిచొచ్చింది, ఒక్క మాట అన్లేదు. తిట్టినా బాగుండు." కొట్లోకి తనే నడిచిపాయె. లింగప్పను ఇడిసిపెట్టిరి. పంతులు ఒక్క 'హీ' కొట్టేసి బీరప్ప అని రాసినాడంట, క్రియ జోలికి పోనేలేదంట.

గోవిందా అనండి అందరూ! ఇంగ ఇండ్లకు పోయి మీ ఆడోళ్ళతో పేరు చెప్పించుకోవల్లని చూడొద్దబ్బీ. తలుపు తీస్తానే తిట్టినారంటే అది మీరేనని గుర్తు. కొంగు కప్పుకొని మర్యాద చేసినారంటే మాత్రం, ఏం తప్పు చేసొచ్చినారో ఆలోచించుకోండి.