ఆగడం తెలీని షూ

"ధర మాత్రం అడక్కండి. చెప్తే మీ చేతిలో టీ చల్లారిపోద్ది," అంటూ భీమరాజు కాలెత్తి బల్ల మీద పెట్టి, మడమ కింద గాలిబుడగ చూపించాడు.

సామర్లకోట కాలవ గట్టు మీద సూరమ్మ టీ కొట్టు అది. ఇంకా పొద్దు పొడవలేదు. ఎరువుల కొట్టు భీమరాజుకి నలభై ఎనిమిదేళ్ళు. బొజ్జ తగ్గించమని డాక్టరు చెప్పి రెండు నెలలు, ఆ షూ కొని నెల.

"అందులో ఉన్నది ఉత్తి గాలేనాండి?" ఆటో ఏసుపాదం వంగి చూశాడు.

"గాలి కాదయ్యా, యంత్రం. రాజమండ్రి మెయిన్ రోడ్డులో కొంటుంటే, కొట్టువాడు 'రెండడుగులు వేసి చూడండి సార్' అన్నాడు. వేశా. చూసుకునేసరికి కోటగుమ్మం దగ్గరున్నా. వెనకాల వాడు స్కూటరేసుకుని వస్తున్నాడు, షూ ఎత్తుకుపోతున్నా అనుకుని. సరే, అదలా ఉంచండి. మర్నాడు పొద్దున్నే మొదలెట్టా. ఇక్కణ్ణుంచి పెద్దాపురం దాకా, ఆగకుండా. కావాలంటే మరిడమ్మ గుడి దగ్గర కొబ్బరికాయలమ్మేవాళ్ళని అడగండి."

"ఒక్కరేనాండి? మీకు జోడీ ఎవరో ఉండేవారన్నారు," అన్నాడు దొరబాబు. ఊరి బడికి కొత్తగా వచ్చిన మాస్టారతను. ఇక్కడ ఏది అడక్కూడదో ఇంకా తెలీదు.

భీమరాజు గ్లాసు కింద పెట్టాడు.

"ఉండేవాడు. టైలరు హరిబాబు. పదేళ్ళ పైనే నాతో నడిచాడు, హవాయి చెప్పులేసుకుని. మిషను తొక్కి తొక్కి వాడి మోకాలు అరిగిపోయిందిలే. ఆ రోజు కాలవ లాకుల దగ్గరకొచ్చేసరికి 'కాస్త ఆగరా' అన్నాడు. నేనేమన్నానో తెలుసా? 'ఈ షూకి ఆగడం తెలీదురా, ఆగాలంటే నీ చెప్పులున్నాయిగా' అన్నా."

మొదటిసారి ఈ మాట చెప్పినప్పుడు కొట్టంతా నవ్వింది. బల్ల చివర కూర్చున్న హరిబాబు ఒక్కడే నవ్వలేదు. మర్నాటి నుంచి అతను కాలవకి అవతలి గట్టు మీద నడుస్తున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అవతలి గట్టు మీద దూరంగా తెల్ల చొక్కా ఒకటి కనబడింది. భీమరాజు గొంతు కాస్త పెరిగింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్దాపురంలో ఆగుదామంటే కాళ్ళు ఒప్పుకోవే. ఆర్టీసీ బస్సు వెనక నుంచి హారన్ కొట్టింది. కాసేపటికి అదే బస్సు ముందుంటే నేను ఈల వేశా, పక్కకి తప్పుకుంది. బిక్కవోలు దగ్గర రైలు తగిలింది. వెనక పెట్టెలో ఒకావిడ ఫ్లాస్కులోంచి టీ పోసి కిటికీలోంచి అందించింది. మంచి మనిషి. తాగి గ్లాసు తిరిగిద్దామని చూస్తే, నేను ఇంజను పక్కనున్నా. డ్రైవరు చేతికిచ్చి, ఆవిడకి పంపించెయ్యమన్నా."

"డ్రైవరేమన్నాడండి?"

"ఏమంటాడు, సిగ్గుపడ్డాడు."

"ఆయ్," అన్నాడు ఏసుపాదం, టీలోకి చూస్తూ.

తెల్ల చొక్కా దగ్గరపడుతోంది. ఒక కాలు కాస్త ఈడుస్తున్నట్టు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది. భీమరాజు లేచి నిలబడ్డాడు. గొంతు ఇంకా పెంచాడు.

"జొన్నాడ వంతెన మీద అరటి లారీలు అడ్డంగా ఇరుక్కుపోయి ఉన్నాయి. మనకి ఆగడం కుదరదు కదా, గోదాట్లోకి దిగిపోయా. దిగానంటే మునగలేదయ్యా, నీళ్ళ మీదే. ఈ అడుగు మునిగేలోపు ఆ అడుగు లేచిపోతోంది. ఎర్ర నీళ్ళు, వరద గోదారి, సాక్సు అంచు తడిస్తే ఒట్టు. పడవవాడు తెడ్డొదిలేసి దండం పెట్టాడు. అట్నుంచటు రావులపాలెం మార్కెట్లోకి దూరితే, నా ఒంటి వేడికి పచ్చి గెలలన్నీ పండిపోయాయి. 'రాజుగారూ, రేపు కూడా ఓసారి ఇటు రండి' అని వ్యాపారులు ఒకటే బతిమాలడం. ఒక్కణ్ణే వెళ్ళా, ఒక్కణ్ణే వచ్చా. ఈ జిల్లాలో నా పక్కన నడవగలిగినవాడు లేడు!"

చివరి మాట కాలవ నీళ్ళ మీదుగా వెళ్ళి అవతలి గట్టుకి తగిలింది. సరిగ్గా ఎదురుగా ఉన్న తెల్ల చొక్కా ఇటు తిరక్కుండానే ముందుకి వెళ్ళిపోయింది.

సూరమ్మ పొయ్యి మీద గిన్నె దించింది. "నాకు చెవుడు లేదండి రాజుగారూ. వీళ్ళకీ లేదు. అంత గట్టిగా ఎవరికి చెబుతున్నారు?"

భీమరాజు అవతలి గట్టు వంకే చూస్తున్నాడు.

"గోదారి దాటేశారు, బానే ఉంది. నెల రోజుల్నుంచీ ఈ కాలవ దాటలేకపోతున్నారేంటండి?"

అతను కూర్చోబోయి కూర్చోలేదు. కాళ్ళ వంక చూసుకున్నాడు. షూ కొన్న రోజున ఎంత తెల్లగా ఉందో ఇప్పుడూ అంతే తెల్లగా ఉంది. హరిబాబుతో నడిచిన ఆ ఒక్క రోజు తప్పితే, రోజూ వేసుకుని ఈ బల్ల దాకా రావడమే, ఇంకెక్కడికీ వెళ్ళింది లేదు.

"వంతెన లాకుల దగ్గరుంది సూరమ్మా," అన్నాడు, ఈసారి నెమ్మదిగా. "చుట్టు తిరిగి వెళ్ళేసరికి వాడు వెళ్ళిపోతాడు."

"పరిగెట్టండి మరి," అన్నాడు ఏసుపాదం.

ఎకసెక్కంగా అనలేదతను. భీమరాజు కాసేపు అతని మొహంలోకి చూసి, గట్టు మీద లాకుల వైపు పరిగెత్తాడు. బొజ్జ ఒక పక్కకి, తను ఒక పక్కకి. కరెంటు స్తంభం దగ్గర అవతలి తెల్ల చొక్కాని దాటాడు గానీ, అక్కడికే పరుగు నడకైంది. ఇంకాస్త దూరం వెళ్ళి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. అవతల తెల్ల చొక్కా, కాలీడ్చుకుంటూనే, అతన్ని దాటుకుని ముందుకి వెళ్ళింది.

"ఒరే హరీ, కాస్త ఆగరా..."

కొట్టు దాకా వినబడింది. తెల్ల చొక్కా ఆగలేదు.

ఆ చెప్పులకీ ఆగడం తెలీదేమో అనబోయి, దొరబాబు నోరు మూసుకున్నాడు.