దగ్గరివన్నీ కలిపెయ్

లేవకు బావా. చెబుతున్నా, లేవకు. లేస్తే మళ్లీ కొడతా. ఆ బల్లకి ఆనుకుని అలాగే కూర్చో. ముక్కుకి చొక్కా అదిమి పెట్టుకో, రక్తం కీబోర్డు మీద పడుతోంది.

ఏమిటా చూపు? మీరూ మీరూ అని పిలిచే బామ్మర్దేనా వీడు, అనా? వాణ్ణే. అక్కని నీ చేతిలో పెట్టామని ఇన్నాళ్లూ తలొంచుకున్నా. ఇవాళ ఒంచను.

"పైన బోల్టులు సరిగ్గా బిగించలేదు." ఎంత తేలిగ్గా అనేశావయ్యా విచారణ వాళ్లతో! ఎవరు బిగించలేదు? నా తమ్ముడా? ఒక కాలు తీసేసి, రెండోది ఉంటుందో పోతుందో తెలీక ఆసుపత్రిలో పడున్నాడు. గుమ్మం దగ్గర పోలీసు కాపలా. షెడ్డు కూలి చచ్చిన ఇద్దరి పాపం వాడి నెత్తిన రుద్దేసి నువ్వు చేతులు దులుపుకుంటావా?

ఇటు చూడు. తెర చూడమన్నానా!

ఈ షెడ్డు మోడల్ గీసింది నేను. ఇదిగో, గాలికి పక్కకి ఒరక్కుండా పట్టే ఏటవాలు బ్రేసింగ్. దీని చివర స్తంభానికి జానెడు ఇవతలే ఆగిపోయిందా? అక్కడ రెంటినీ కలిపే అతుకు ప్లేటు ఎలా ఉండాలో ఇంజనీరువి నువ్వు తేల్చాలి, అందుకే వదిలేశా. "బావగారూ, ఇది ఇంకా గాల్లోనే ఉంది, ఎక్స్‌పోర్ట్ చెయ్యకండి" అన్నానా, లేదా?

నువ్వేం చేశావు? అలాగే షెడ్డు నిలుస్తుందో లేదో లెక్క కట్టే సాఫ్ట్‌వేర్‌లోకి తోసేశావు. చివరలు కలవలేదని అది ఎర్రగా మొత్తుకుంది. విసుక్కుని, దగ్గరివన్నీ కలిపెయ్ అని మీట నొక్కావు. కలిపేసింది! దానికేం పోయింది, గీతలే కదా. అంతా పచ్చబడింది. నువ్వు టీకి వెళ్లావు.

ఫ్యాక్టరీ వాళ్లు ఇనుము కోసింది మాత్రం నా మోడల్ చూసి. అందులో ప్లేటేదీ? "చివర వేలాడుతోంది బావా" అని అక్కడ ఇనుము బిగించే తమ్ముడు ఫోన్ చేస్తే ఏమన్నావు? "లెక్క పాసైందిరా, ఎక్కించెయ్." ఎక్కించాడు. ఎక్కించడా మరి? చెప్పింది సొంత బావ!

బిగింపు అయ్యేదాకా ఒరక్కుండా కట్టిన తాళ్లు విప్పారు. ఒక్క గాలి వీచింది. పేకమేడలా ఒరిగి దూలాలన్నీ మనుషుల మీద పడ్డాయి. తమ్ముణ్ణి లాగింది నేనే బావా. బూటు ఊడి నా చేతికొచ్చింది. కాలు దూలం కిందే ఉండిపోయింది.

ఆ లెక్క ఫైలు చెరిపేశావని తెలుసు. పోనీ నిజం చెప్పమని అడగడానికొస్తే నవ్వుతావా? "మీవాడికి పెద్ద శిక్షేం పడదులే" అంటావా? అప్పుడే ఈ ఇనుప ముక్క చేతికందింది. పళ్లు రాలతాయనుకోలేదు. అబద్ధమెందుకు, రాలాలనే కొట్టాను.

ఏంటి? తలూపుతున్నావా? చెబుతావా? తప్పు నాదే అని వాళ్ల ముందు ఒప్పుకుంటావా?

ఆగు. ఆగాగు.

ఈ మొహంతోనా? కన్ను వాచి, ముక్కు పగిలి, పళ్లూడి వెళ్లి తప్పు నాదే అంటే ఎవడు నమ్ముతాడు? బామ్మర్ది చావబాది చెప్పించాడంటారు. అనరా? నేనైనా అదే అంటాను. వాణ్ణి కాపాడే మాట ఒక్కటే మిగిలింది బావా, అది నీ నోట్లోనే ఉంది. దాన్ని కూడా నేనే పాడు చేసుకున్నాను.

లే. చెయ్యందుకో. మొహం కడుక్కో.

మెట్ల మీంచి పడ్డానని చెప్పు. అక్కకీ అదే చెప్పు, విచారణ వాళ్లకీ అదే చెప్పు. నీకు చేతనైన పనే కదా. ముందు ఆ అబద్ధం నమ్మేలా చెప్పు బావా, తర్వాత నిజం చెబుదువుగాని.