ఆయన అనలేకపోయిన మాట

నా పేరు, చిరునామా పోలీసులు ముందే రాసుకున్నారు. నా వయసు నలభై మూడు. ఇంట్లోనే బట్టలు కుడతాను. చనిపోయినది నా భర్త. ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు బాగుచేసేవారు. ఆయన షాపు పైగది ఖాళీగా ఉంటే ఆ ఇంటి యజమానులను అడిగి ఆదివారాలు అందులో ప్రార్థన పెట్టేవారు. ఆయన పాస్టరు కాదు. నలుగురిలో పాట ఎత్తుకోవడానికి కూడా సిగ్గుపడే మనిషి.

రెండు వారాల కిందటి ఆదివారం, పదకొండున్నరకు ప్రార్థన అయిపోయి అందరూ వెళ్లిపోయారు. నేను చాపలు చుడుతున్నాను. ఆయన ఇనప కుర్చీలు మడిచి గోడకు ఆనిస్తున్నారు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే ఎవరో గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చారనుకున్నాను. నలుగురు మగవాళ్లు లోపలికి వచ్చి గడియ పెట్టారు. ముగ్గురిని నేనెప్పుడూ చూడలేదు. నాలుగో అతను పక్కన జిరాక్స్ షాపు నడిపే మనిషి. కిందటి వేసవిలో వాళ్లింటి ఫ్యాను మా ఆయనే బాగుచేశారు. అతను మా ముఖాలు చూడలేదు.

ఈ గది ఇకమీదట తెరవకూడదన్నారు. మా ఆయన సరేనన్నారు. తాళంచెవులు తీసి ఇచ్చేశారు. అది కూడా రాయండి. ఆయన గొడవ పడలేదు. అంతటితో పోతారనుకున్నాను. వాళ్లలో పొడుగాటి అతను కుర్చీ లాక్కుని కూర్చుని, "యేసును నమ్మనని ఒక్కసారి అను. నీ దారిన నువ్వు పో" అన్నాడు.

ఆయన నోరు తెరిచారు. మాట రాలేదు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. కుక్క మొరిగితే నా వెనక్కి వచ్చి నిలబడే మనిషి ఆయన. నేను కాళ్లు పట్టుకున్నాను. వాళ్లవి కాదు, ఆయనవి. "అనేయండి. మీ మనసు దేవుడికి తెలియదా? అనేసి ఇంటికి పోదాం" అన్నాను.

ఆయన నన్ను చూసి, "అనాలనే ఉందే. నోరు రావట్లేదు" అన్నారు.

అంతే అన్నారు. పొడుగాటి అతను లేచి ఆ కుర్చీతోనే కొట్టాడు. మిగతా ఇద్దరూ ఆయన్ని కదలకుండా పట్టుకున్నారు. జిరాక్స్ షాపు అతను నన్ను గోడకు అదిమిపెట్టి, "అక్కా, అటు చూడకు" అన్నాడు. నేను చూశాను.

మర్నాడు సాయంత్రం ఆసుపత్రిలో ఆయనకు తెలివి వచ్చింది. నీళ్లడిగారు. నీళ్లు పట్టకూడదని, తడిగుడ్డతో పెదాలు అద్దమని నర్సు చెప్పింది. అద్దుతుంటే, "ఒక్క మాటేగా. ఎందుకు అనలేకపోయానంటావ్?" అని నన్నడిగారు. గుడ్డ మళ్లీ తడుపుతుండగానే ఆయనకు ఊపిరి ఎగదన్నింది. నన్ను బయటికి పంపేశారు. మళ్లీ పిలిచేసరికి ముఖం మీద దుప్పటి కప్పి ఉంది.

సమాధి చేసిన రోజు మా సంఘ పెద్ద ఆయన్ని దేవుడి కోసం ప్రాణం వదిలిన హతసాక్షి అన్నారు. సింహంలా నిలబడ్డాడని, నవ్వుతూ ప్రాణమిచ్చాడని అందరికీ చెప్పారు. మా అత్తగారు అది విని నా చెవి దగ్గరికి వంగి, "నా కొడుకు చావాలనుకున్నాడా అమ్మాయ్?" అని అడిగింది. లేదత్తయ్యా అన్నాను. తర్వాత పెద్దాయన దగ్గరికి వెళ్లి, మా ఆయన నవ్వలేదని, భయపడ్డారని, సాక్ష్యమంటూ ఏదీ చెప్పలేదని అన్నాను. పెద్దాయన, "కాదనలేకపోయాడు కదమ్మా. అదే సాక్ష్యం" అన్నారు.

అయి ఉండొచ్చు. నాకు తెలియదు. నేను ఆయన బతకాలని అడిగాను. మళ్లీ అదే గదిలో నిలబెడితే మళ్లీ అదే అడుగుతాను. రోజూ మిషను ముందు కూర్చుంటాను. దారం ఎక్కిస్తాను. తొక్కలేను.

నేను చెప్పింది రాసి నాకు చదివి వినిపించారు. ఒకచోట "ధైర్యంగా నిరాకరించాడు" అని ఉంటే, ఆ మాట నేననలేదని చెప్పి కొట్టేయించాను. దాని బదులు "నోరు రాలేదు" అని రాశారు. మిగిలినదంతా నేను కళ్లారా చూసింది, చెవులారా విన్నది. ఎవరూ చెప్పించింది కాదు.

(సంతకం)
మృతుని భార్య