చివరి మనిషి బిళ్ల

గోదావరిఖనిలో ఓ బొగ్గుగని కార్మికుడి క్వార్టరు. నిన్ననే రిటైరైన ఆయన, భార్యతో కలిసి టీవీలో ఇంగ్లీషు డబ్బింగు సినిమా చూస్తున్నాడు. అందులో లోకమంతా చచ్చిపోయింది, ఒక్కడే మిగిలాడు. ఆయనకేమో అంతా అయోమయంగా ఉంది.

“అందరు చచ్చిరి గదనే. వీడు రోజూ రేడియోల ఎవర్ని పిలుస్తున్నడు?”

“బొగ్గు బాయిల కప్పు కూలి ఇరుక్కున్ననాడు, పైనోళ్లకు ఇనబడాలని నువ్వు ఒక్కనివే పైపు కొట్టలేదా?”

“అది వేరు. నంబరు బిళ్ల పైన ఇచ్చి, లైటు తీసుకొని దిగుతం. షిఫ్టు అయినంక గూడ బిళ్ల పైననే ఉన్నదంటే, మనిషి లోపట్నే ఉన్నడని దేవులాడుకుంట వస్తరు. వీని బిళ్ల ఎవని దగ్గరున్నది?”

“సినిమాల బిళ్లలుంటయా?”

“గదే సమజైతలేదు. మరి వానికి గంత నమ్మకం ఎక్కడిది?”

ఆయన లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

“ఎటు?”

“ఏమో. గీ టైముకు కాళ్లు బాయి దిక్కే పోతయి. నా బిళ్ల నిన్ననే వాపస్ తీసుకున్నరు. ఇగ నేను రాకుంటే ఎవరికి ఎరుకైతది?”

ఆమె చెయ్యి చాపింది.

“నీ చేతి గడియారం ఇచ్చి పో.”

“ఎందుకే?”

“ఇయ్యరాదు. పొద్దుగూకినంక గూడ గిది నా దగ్గర్నే ఉంటే, దేవులాడుకుంట వస్త.”