రెట్టింపు బాతులు

ఆ ఉదయం మబ్బు కమ్మింది గాని చినుకు పడలేదు. కాలు విరిగి ఏడాదిపాటు కూతురి ఇంట్లో ఉండిపోయిన అక్క, తమ్ముడికి అప్పగించి వెళ్లిన తన బాతులను చూసుకోవడానికి అతని దొడ్లోకి వచ్చింది.

“ఏమిట్రా ఇవి, బాతులా దున్నలా?”

“నీ బాతుల పిల్లలే అక్కా. ఎర్రమొహం జాతి మగబాతును తెచ్చి వాటిలో వదిలాను. తల్లులకి రెట్టింపు ఎదిగాయి!”

“అబ్బో, ఎంత తెలివో నా తమ్ముడికి. గుడ్లు పెడుతున్నాయా?”

“ఎప్పుడో ఒకటీ అరా.”

“పిల్లలయ్యాయా?”

“మూడుసార్లు పొదగేశాను. అన్నీ మురిగిపోయాయి.”

“మురగక ఏం చేస్తాయి? ఆ రెండు జాతులూ కలిస్తే పుట్టేవి గొడ్డువేరా. కంచరగాడిదను ఎప్పుడూ చూళ్లేదూ? పోనీ, అద్దంలోనైనా?”

“నాకెవరు చెప్పారక్కా?”

“అడిగితే నోరు అరిగిపోతుందనుకున్నావు కాబోలు. సరే, నా పాత బాతులేవి?”

“బక్కగా ఉన్నాయని అమ్మేశాను.”

“అన్నీనా? అమ్మ చేతి నుంచి వచ్చిన జాతిరా అది! ఒక్కటైనా ఉంచలేదా?”

“ఒకటి మిగిలింది. కుంటిదని ఎవరూ కొనలేదు.”

“బతికించావు. అది చాలు, దానికో మంచి జోడు వెతుకుతాను. ఏదీ?”

“నువ్వొస్తున్నావని...”

“వస్తున్నానని?”

“పొద్దున్నే కోసి పొయ్యి మీద పెట్టానక్కా.”

మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ముక్క మెత్తగా ఉడికింది.