చప్పుడు కాని చెంచా

పంజాగుట్ట మెట్రో దిగి సందులోకి తిరిగితే, కళ్లజోళ్ల దుకాణం పై అంతస్తులో వీర్రాజు ట్రెక్కింగ్ సామాన్ల షాపు ఉంది. చెంచాతో ఏనాడూ అన్నం తిన్న పాపాన పోని భూలక్ష్మి, ఆదివారం మధ్యాహ్నం పూట కూతురు సుష్మితను వెంటబెట్టుకుని, అమీర్‌పేట నుంచి అక్కడికి వచ్చింది ఒక్క చెంచా కోసం.

"గిది కాదన్నా. గిది జర బరువున్నది. ఇంకోటి తియ్యి."

"అది పద్దెనిమిది గ్రాములేనమ్మా. టైటానియం. దీనికన్నా తేలికైంది కావాలంటే ఇక గాలితో చేయించుకోవాలి."

"ఇగో, ఫోన్ల చూడు. గీ ఫోటో నీ దుకాణందే గదా? నాలుగు చెంచాలున్నయ్. గా నాలుగే తియ్యి. వేరేటివి వద్దు."

"మాదేనండి. ఈ గళ్ల గుడ్డ మా కౌంటర్ మీదదే. ఎవరు తీశారు ఈ ఫోటో?"

"మా తమ్ముడు. విజయేందర్. అమీర్‌పేటల కంప్యూటర్ కోచింగ్ చెప్తడు. చెప్తుండె."

"విజయేందర్ గారి అక్కగారా మీరు? ముందే చెప్పొచ్చు కదమ్మా. కూర్చోండి, కూర్చోండి. ఈ చెంచా కోసం ఆరుసార్లు వచ్చారు ఆయన. పెళ్లికూతుర్ని చూసుకున్నట్టు చూసుకున్నారు. అటు తిప్పుతారు, ఇటు తిప్పుతారు, మళ్లీ వస్తానంటారు."

"అమ్మా, ఏదో ఒకటి తీస్కో. పోదాం."

"జర ఆగు సుష్మీ. అన్నా, గీ నాలుగిట్ల ఏది ఎక్కువసేపు పట్టుకున్నడు? యాదికున్నదా?"

"ఆయన్నే అడిగితే పోలా? ఏంటి, పుట్టినరోజా? చెప్పకుండా కొనిద్దామనా?"

"అంకుల్, మామ లేడు."

"ఊళ్లో లేరా?"

"లేడు అంకుల్. చనిపోయిండు. తొమ్మిది రోజులైంది."

"అయ్యో. ఏంటమ్మా నువ్వనేది. నిన్నగాక మొన్న ఇక్కడే, మీ అమ్మగారున్న చోటే నిలబడి... ఏమైందమ్మా?"

"పండుకున్నోడు పండుకున్నట్టే, అన్నా. గుండె ఆగిందన్నరు. నలభై రెండేండ్లు. పొద్దుగాల చాయ్ తీస్కవోయి గీ పిల్లే చూసింది."

"అమ్మా, అవన్నీ ఇప్పుడెందుకే."

"మరి, ఈ చెంచా..."

"రేపు దినాలు."

"పెద్దకర్మా?"

"మీ దిక్కు గట్లంటరేమో. మూడొద్దుల నాడు పిట్టకు పెట్టినం. మాంసం వండిన. గాడికి పానమైన పచ్చిపులుసు చేసిన. ఆకుల వడ్డించి డాబా గోడ మీద పెట్టి దండం పెట్టి కిందికి దిగినం. మళ్ల ఎక్కి చూస్తే ఎట్ల పెట్టింది గట్లనే ఉన్నది."

"ఎండకు రాలేదేమోనండి. ఈ చుట్టుపక్కల కాకులు కూడా తగ్గిపోయాయి."

"రాకుంటే గింత బాధ లేకుండె. వచ్చినయ్. గోడ మీద కూసున్నయ్. చూసినయ్. పోయినయ్. ఐదొద్దుల నాడు సుత గంతే. ఇద్దరు ముగ్గురు చేతులు జోడిచ్చి అడిగిండ్రు, తిను నాయినా, నీకేం కావాల్నో చెప్పు నాయినా అని. ఒక్కటన్న దగ్గరికి రాలే."

"మా నాన్నగారికీ అలాగే అయిందమ్మా. పిండం ముట్టలేదు. చెల్లెలి పెళ్లి మేం చేస్తాం నాన్నా అని అన్నయ్య గట్టిగా అన్నాక అప్పుడొచ్చి ముట్టింది. ఏదో మనసులో ఉండిపోయుంటుంది."

"గదే అన్నా. గదే అంటున్నరు అందరు. ఏదో కోరిక పెట్టుకోని పోయిండు, తీరలే, అందుకే పోతలేడు అని. గాడుండేది మా డాబా మీద రూముల. గిప్పుడు తాళం వేసి ఉన్నది. అయినా రాత్రయితే మీద నడిచినట్టే అయితది. గిన్నె జరిపినట్టు అయితది. మా ఆయనకు వినవడదు. నాకే వినవడతది. గాడి కోరికేంది, గాడి కోరికేంది అని తలకాయ పలగ్గొట్టుకున్న. నిన్న గీ పిల్ల ఫోన్ల ఈ ఫోటో కనవడ్డది. కింద రాసిండు, ఏది తీస్కోను అని. గదే ఆఖరి మాట. తెల్లారి లేడు."

"రేపు ముద్ద పక్కన ఈ చెంచా పెడతారన్నమాట."

"మా అమ్మ పోయిన్నాడు గాడికి ఆరేండ్లు. గప్పట్నుంచి నా చెయ్యే. నేను కలిపి పెట్టకుంటే నిద్రవోయేటోడు కాదు. రేపు సుత ముట్టకుంటే ఇగ నా తమ్ముడు ఎన్నటికీ ఉపాసమే అన్నా. అందుకే సరైందే ఇయ్యి. తప్పు చెంచా ఇయ్యకు."

"అలాగేనమ్మా. చూడండి. మొదట పట్టుకుంది ఈ టైటానియమే. గిన్నె అడుగున రెండుసార్లు గీకి చూసి పక్కన పెట్టేశారు. ఇది స్టీలు, మధ్యకి మడిచి జేబులో వేసుకోవచ్చు. దీన్నీ గీకారు, వద్దన్నారు. ఇది ప్లాస్టిక్, ఒక కొస చెంచా, ఇంకో కొస ముళ్లు. వేడికి వాసనొస్తుందన్నారు. ఇక ఇది వెదురు..."

"గీకుడెందుకు?"

"చప్పుడు చూసుకోవడానికండి. చప్పుడు కాని చెంచా కావాలన్నారు."

"చెంచాకు చప్పుడైతే ఏమైతది?"

"నేనూ అదే అడిగాను. అడవిలో మీరు చెంచా గీకితే ఎవరు వింటారు సార్, కోతులా, అన్నాను. నవ్వారు. కింద మనుషులుంటరన్నా, అన్నారు. కొండ కింద కాబోలనుకున్నాను."

"అంకుల్, వెదురుది ప్యాక్ చేయండి. చాలు."

"ఆయన మనసు చివరికి మొగ్గింది కూడా దానికేనమ్మా. చప్పుడుండదు, బరువుండదు, కాకపోతే పులుసు మరక పోదు. తేల్చుకుని, వచ్చే వారం స్టవ్వుకి సిలిండర్‌తో పాటు తీసుకెళ్తానన్నారు."

"స్టవ్వేంది?"

"చిన్న గ్యాస్ స్టవ్వు. గుప్పిట్లో పడుతుంది. ఉగాదికి ముందు తీసుకున్నారు. అప్పట్నుంచి వారం వారం ప్యాకెట్లు. వేడినీళ్లు పోసి మూత పెడితే తయారవుతాయి చూడండి, ఉప్మా, పులావు, అవి."

"వారం వారమా? గాడు గుట్టలు ఎక్కెతందుకు పోయింది రెండుసార్లో మూడుసార్లో. కొత్తగ పట్టుకున్నడు గా పిచ్చి. తాగుడు కంటే నయమే అని మేం సుత ఏమనలే."

"నాతో ఏ గుట్ట పేరూ అనలేదమ్మా. వారానికి పద్నాలుగు ప్యాకెట్లు. ఒకటి ఎక్కువా వద్దు, ఒకటి తక్కువా వద్దు."

"పద్నాలుగు ఎవలు తింటరన్నా? రెండు పూటలా నేనే పంపుతుంటి. కంచం నిండ. గీ పిల్లే మీదికి తీస్కవోతుండె. ఒక్క మెతుకు లేకుండ కంచం కిందికొస్తుండె. గది చూసి నా కడుపు నిండుతుండె."

"అమ్మా, లే. నాకు క్లాసుకు టైమైతుంది."

"ఇయ్యాల ఆదివారమే. క్లాసేంది?"

"ఎక్స్‌ట్రా క్లాస్."

"కూసో. అన్నా, నువ్వేదో చెప్పబోయి ఆగుతున్నవ్."

"ఏం లేదమ్మా. పోయిన మనిషి గురించి ఇప్పుడెందుకులెండి. చెంచా తీసుకెళ్లండి. డబ్బులేం వద్దు."

"చెప్పు. నువ్వు దాస్తే రేపు నేను ఏం తెలిసి పెట్టాలె, ఏమని మొక్కాలె?"

"ఏమీ అనుకోరు కదా. మీ వారికి... అలవాటుందా?"

"ఏం అలవాటు?"

"అదేనండి. మందు."

"మా ఆయన సోడ సుత తాగడు. మా ఇంట్ల తాగేటోడు తమ్ముడొక్కడే ఉండె. గాడు సుత మాని ఆర్నెల్లాయె. ఎందుకట్లడిగినవ్?"

"అంకుల్, ప్లీజ్."

"ఒకసారి నేనే అడిగానమ్మా. అక్కగారింట్లోనే ఉంటానంటారు, ఈ పొట్లాల తిండి ఏం ఖర్మ సార్ మీకు, అని. 'ఇంట్ల మందున్నదన్నా, అందుకే తింటలేను' అన్నారు. పాపం, మానేసిన మనిషి, ఇంట్లో ఇంకొకరు సీసా పెట్టుకుని కూర్చుంటే పక్కన భోంచేయడం కష్టమే కదా అనుకున్నాను. మీ వారే కాబోలనుకున్నాను. నాది తప్పే అయ్యుంటుంది, క్షమించండి."

"గట్లనే అన్నడా? మందున్నదని?"

"అదే మాట."

"సుష్మీ."

"నాకేం తెల్వదు."

"నేనింక ఏం అడగనే లేదు గదే."

"నీళ్లు తాగండమ్మా. ఇదిగో. నాకెందుకు చెప్పండి ఈ కబుర్లన్నీ."

"గది తాగే మందు గాదన్నా. కలిపే మందు."

"అంటే?"

"తాగుడు మాన్పించే పొడి. ఆటో వెనక నంబర్ చూసి ఫోన్ చేసిన. మనిషికి తెల్వకుండ బువ్వల కలపాలె, రంగుండదు, వాసనుండదు అన్నడు. కలిపిన. నెల తిరగకముందే మానిండు. ఎల్లమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టిన. మళ్ల తాగుతడేమోనని బంద్ చెయ్యలే. పప్పుల, కూరల, పచ్చిపులుసుల, ఇంకింత కలిపిన. గుండె ఆగిందని డాక్టర్ చెప్పిన్నాడు... నేనే సంపుకున్ననా అన్నా? గీ చేత్తోటే? తొమ్మిదొద్దుల సంది ఎవలకు చెప్పలే. చెంచా కోరికే అయితే బాగుండు, గింత చిన్నదే అయితే బాగుండు అనుకుంట వచ్చిన."

"అమ్మా, పొడితోని కాదు. నువ్వు చంపలే."

"నీకెట్ల తెల్సు?"

"మామ తినలే."

"ఏం తినలే?"

"నువ్వు పంపింది. నువ్వు డబ్బాలకెళ్లి పొడి తీసి కలుపుతుంటే నేను చూసిన. అదే రోజు మామకు చెప్పిన. అప్పట్నుంచి ఒక్క ముద్ద కూడ తినలే."

"మరి తాగుడెట్ల మానిండే?"

"తనంతట తనే. నేను మానితే అక్క కలుపుడు మానుతది అన్నడు. నువ్వేమో పొడి పని చేస్తుందనుకున్నవ్."

"నన్నడగొద్దా? నా ముందట నిలబడి, ఏందక్కా గీ పని, అని ఒక్క మాట అడిగితే నేను కాళ్లు మొక్కకపోదునా? నువ్వన్న చెప్పొద్దానే?"

"చెప్తనన్న. ఒట్టేయించుకున్నడు. అక్కకు తెలిస్తే సిగ్గుతోని ఇంక జన్మల నాకు అన్నం పెట్టది, పెట్టనీ, పెట్టుకుంట ఉండనీ అన్నడు."

"విన్నారా అమ్మా? మీ వల్ల కాదు. ఆ బరువు దించేసుకోండి ముందు. రేపు హాయిగా మీ చేత్తోనే వండి పెట్టండి, ఈ వెదురు చెంచా పక్కన పెట్టండి. ఎందుకు ముట్టవు? తప్పకుండా ముడతాయి."

"ఆర్నెల్లు. ఒక్క ముద్ద తినకుండ. మీద వేడినీళ్లు పోసుకోని, చప్పుడు కాకుండ... సుష్మీ, ఒక్కటి చెప్పు. కంచం ఖాళీగ కిందికొస్తుండె గదా. గా బువ్వంత ఏమైంది?"

"వదిలెయ్ అమ్మా."

"మోరీల పోసిండా?"

"లేదు. అక్క చేతి బువ్వ మోరీల పోస్తే పాపం తగుల్తది అన్నడు. డాబా గోడ మీద పెట్టేటోడు, కాకులకని. పొద్దూకినంక నేనే ఎత్తి కవర్ల కట్టి, తెల్లారి చెత్తబండిల వేస్తుంటి."

"కాకులకని పెడితే నువ్వు ఎత్తుడేందే?"

"మొదటి వారమే తిన్నయమ్మా. అప్పట్నుంచి రోజూ వస్తయ్, చూస్తయ్, పోతయ్."