రెండు లైన్లు రాస్తే పది చదివింది

కూర్చోను మేడమ్, నిలబడే మాట్లాడతాను. మీ ఫోను లిస్టులో బడి మొత్తానికీ నా ఒక్క పేరు పక్కనే ఎర్ర చుక్క ఉందని పిలిపిస్తారా? ఏం, దొంగతనం చేశానా? పైగా ఫోన్లో ఒప్పుకున్నట్టు నొక్కకపోతే మా మనవరాలికి పరీక్ష చీటీ రాదని ఒక బెదిరింపు!

అవును, మీరు ఫోనుకి పంపిన మెసేజీలు తెరవలేదు. చేతకాక కాదు. ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కినదాన్ని, ఆమాత్రం వేలితో తోయలేనా?

ముందు ఆ మూలనున్న గుమస్తాగారిని నవ్వొద్దనండి. పిల్లని చేర్పించిన రోజు నలుగురిలో, "వేలిముద్ర చాల్లే పెద్దమ్మా" అన్నారు. నాలుగేళ్ళయింది. మర్చిపోయాననుకున్నారేమో!

ఆ మాటకే కదండీ నేను సంతకం నేర్చుకుంది. గుడ్డ మీద కొలతలు గీసే సుద్దతో, రెండు నెలలు. తీయండి మా పిల్ల పాత బడి డైరీలు, ఒక్క అక్షరం గీత దిగిందేమో చూపించండి!

ఇప్పుడేమో డైరీ ఎందుకు, ఫోనే చదివి వినిపిస్తుంది అంటారు. వినిపించింది లెండి, మొదటిరోజే. కూతురు డ్యూటీకి వెళ్ళింది. ఇంట్లో నేనూ, పిల్లా. ఎవరో ఆడగొంతు, చుట్టమా పక్కమా, "మీ అమ్మాయి లెక్కలు చేసుకు రాలేదు" అని టకటకా చెప్పేసింది. పిల్ల మొహం మాడిపోయింది. లేచి లోపలికి పోయింది. పది రోజులైంది, మళ్ళీ నా పక్కన కూర్చోలేదు. ఇంకెందుకు తెరుస్తాను దాన్ని?

ఏంటీ? నిజం తెలిస్తే మంచిదేగా అంటారా? అయ్యో మేడమ్, నాకు తెలీకనా!

డైరీలో టీచరమ్మ ఎర్రసిరాతో రెండు లైన్లు రాస్తే, మా మనవరాలు వేలు పెట్టి పది లైన్లు చదివేది. అన్నీ పొగడ్తలే! చదువు రాకపోతే లైన్లు లెక్కపెట్టడం కూడా రాదా? కిక్కురుమనేదాన్ని కాదు. సంతకం పెట్టేసి, "ఏదీ, ఊరికే చూద్దాం" అని సంచీలో పుస్తకాలన్నీ బయటికి తీయించేదాన్ని. గుడ్లు తేలేసేది. గుండీలు ముందు పోసి కూడికలు చేయించేదాన్ని. అదండీ మా పద్ధతి. ఒకరి పరువు ఒకరు తీసుకోకుండా.

ఏమన్నారు? సోమవారమే పరీక్షా? ఫోన్లో నొక్కితే తప్ప చీటీ రాదా? కాగితం మీద కూడా ఇవ్వరా?

...సరే. ఒక మాట చెప్తాను, నవ్వకండి. ఆ పది లైన్లలో ఒకటి ఎప్పుడూ నా గురించే. "ఇంత చక్కటి సంతకం క్లాసులో ఇంకెవరి ఇంట్లోనూ లేదని రాశారమ్మమ్మా" అనేది. అబద్ధమని తెలుసండీ. తెలిసే, మర్నాడు ఇంకాస్త గుండ్రంగా పెట్టేదాన్ని.

ఇటివ్వండి ఫోను. ఎక్కడ? ఇక్కడా? బొటనవేలా?

చూశారా గుమస్తాగారూ... చివరికి మీ మాటే నెగ్గింది.